రెండో అంకె నొక్కితే

గురువారం తెల్లారేసరికి లోకనాథ్ పెద్ద చెరువులో రొయ్య మొత్తం చచ్చి గట్టుకి కొట్టుకొచ్చింది. చెరువుకి గాలి పట్టించే ఏరియేటర్లు తెల్లవారుజామున ఆగిపోయాయి. కాపలా చిట్టియ్యే కోపం పెట్టుకుని కావాలని ఆపేశాడని లోకనాథ్ అన్నాడు. ఊరు నమ్మింది. పోలీసులు వచ్చి తీసుకుపోయారు.

నాన్న ఆ పని చెయ్యలేదని చిట్టియ్య కూతురు వీరవేణికి తెలుసు. పదో తరగతి పిల్ల మాట ఎవరు వింటారు? ఆమె దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే. హైస్కూలు సైన్స్ క్లబ్ పిల్లలు తయారుచేసి ఆ చెరువు మీద బిగించిన అలారం. పాత బటన్ ఫోన్ ఒకటి, దానికో చిన్న రిలే. ఏరియేటర్లకి కరెంటు ఆగిన మరుక్షణం రిలే ఫోన్‌లో రెండో అంకెని నొక్కి పట్టుకుంటుంది. ఆ అంకె మీద దాచిన నంబరుకి ఫోన్ వెళ్తుంది. ఆ నంబరు చిట్టియ్యది.

అని అందరూ అనుకున్నారు.

శనివారం నో బ్యాగ్ డే, పాఠాలుండవు. కాపలా పాక వెనక తుమ్మ డొంకలో ఎవరో విసిరేసిన ఆ అలారం డబ్బాని వీరవేణి వెతికి తెచ్చింది. సైన్స్ క్లబ్ గదిలో ఛార్జింగ్ పెట్టింది. క్లబ్ పిల్లలందరి ముందూ రెండో అంకె నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

సైన్స్ క్లబ్ నడిపే త్రిమూర్తులు మాస్టారి చొక్కా జేబులో ఫోన్ మోగింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. వెనక బెంచీలోంచి ఒకడు, "సార్, మీకేనండోయ్, మేడం గారేమో!" అన్నాడు. రెండు బెంచీలు నవ్వాయి. సాయిదుర్గ మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల వీరవేణి పక్కనే కూర్చుంది, ఆమె చేతిలో ఫోన్ వంకే చూస్తోంది.

మాస్టారు ఫోన్ బయటికి తీశారు. కట్ చేశారు. జేబులో పెట్టుకోబోయి పెట్టుకోలేక చేతిలోనే ఉంచుకున్నారు.

"అందరూ గ్రౌండ్‌లోకి వెళ్ళండి. ఎకో క్లబ్ వాళ్ళకి కడియం నుంచి మొక్కలొచ్చాయి. గోతులు తవ్వాలి."

"వాళ్ళ గోతులు మేమెందుకు తవ్వాలి సార్? పోయిన వారం మన ఎగ్జిబిట్ మొయ్యమంటే ఒక్కడూ రాలేదు."

"వెళ్ళమన్నానా!"

ఆయన గొంతు పెంచడం పిల్లలు ఎప్పుడూ వినలేదు. బెంచీలు గీరుకుంటూ లేచారు. సాయిదుర్గ గుమ్మం దగ్గర ఆగింది.

"నేనుంటాను సార్."

"నువ్వూ వెళ్ళమ్మా."

"వేణీ, బయటే ఉంటానే," అని వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. వరండాలో హెల్త్ క్లబ్ వాళ్ళు చేతులు కడుక్కోవడం మీద నాటిక రిహార్సల్ చేస్తున్నారు. కలరా వేషం కట్టినవాడు తన మాటలు మర్చిపోయి మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

"మీ నంబరు ఎందుకుంది సార్ ఇందులో?"

"నీకు గుర్తులేదా?"

"నేను అడుగుతున్నది మిమ్మల్ని."

"భీమవరంలో సైన్స్ ఫెయిర్ జరిగినప్పుడు," అన్నారు మాస్టారు. "జడ్జీలు మన బల్ల దగ్గరికి వస్తున్నారు. మీ నాన్న ఫోన్ ఊళ్ళో ఉంది. ఇక్కడ కరెంటు తీస్తే అక్కడెక్కడో మోగితే వాళ్ళకేం తెలుస్తుంది? నా నంబరు పెట్టమన్నాను. ఎవరు పెట్టారు?"

వీరవేణికి గుర్తొచ్చింది. ఆ హాలు, ఫ్యాను గాలికి ఎగిరిపోతున్న చార్టులు, 'త్వరగా త్వరగా' అంటున్న మాస్టారు. తనే పెట్టింది. తన బొటనవేలుతో. జడ్జీ స్విచ్ ఆపగానే మాస్టారి జేబులో ఫోన్ మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. షీల్డ్ వచ్చింది. వ్యాన్‌లో పాడుకుంటూ వచ్చారు.

మర్నాడే డబ్బా తీసుకెళ్ళి చెరువు మీద మళ్ళీ బిగించారు. తేమ తగలకుండా చుట్టూ ఎమ్‌సీల్ పూశారు. లోకనాథ్ మనుషులు పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టారు. బొట్టు పెట్టినదాన్ని ఇక విప్పేదెవరు? ఒకసారి ఏరియేటర్లు ఆపి చూద్దామంటే లోకనాథ్ ఒప్పుకోలేదు. చెరువులో పంట ఉండగా గాలి ఆపి పరీక్షలు చేస్తానంటే ఏ రైతూ ఒప్పుకోడు.

నంబరు వెనక్కి మార్చాలన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. షీల్డ్ మాత్రం అద్దాల బీరువాలో, పై అరలో ఉంది.

"అయితే గురువారం తెల్లవారుజామున ఇది మోగింది," అంది వీరవేణి. "మా నాన్నకి కాదు. మీకు."

మాస్టారు తన ఫోన్ బల్ల మీద బోర్లించారు.

"మోగిందా లేదా సార్?"

"మోగింది."

ఆ ఒక్క మాటకి ఆమె ప్రాణం లేచొచ్చింది. కరెంటు ఆగిన వేళ తెలిస్తే చాలు. ఆ వేళకి నాన్న చెరువు దగ్గర లేడు. మేత బస్తాలు దించడానికి లోకనాథే అతన్ని గోడౌన్‌కి పంపాడు. డ్రైవరు ఉన్నాడు, హమాలీలు ఉన్నారు. ఏరియేటర్లు ముందే, నాన్న కాపలా ఉండగానే ఆగాయని లోకనాథ్ చెబుతున్నాడు. టైము ఈ ఫోన్‌లోనే ఉంటుంది. గబగబా మీటలు నొక్కింది. చేసిన కాల్స్ తెరిచింది.

ఒకే ఒక్క నంబరు. మాస్టారిది. పక్కన తేదీ.

ఇవాళ్టిది.

మళ్ళీ చూసింది. కిందికి జరిపింది. కింద ఏమీ లేదు.

"ఇలాంటి ఫోన్లలో ఒక నంబరు ఒక్కసారే ఉంటుందమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "ఆఖరిసారి ఎప్పుడు చేస్తే ఆ టైమే చూపిస్తుంది. పాతది పోతుంది. నువ్వు నొక్కే ముందు ఒక్కసారి చూసుకుని ఉంటే..."

ఆమె చూసుకోలేదు. నాన్న నంబరే ఉంటుందనుకుంది. అందరి ముందూ నొక్కితే అందరూ సాక్షులవుతారనుకుంది. ఫోన్ ఆన్ కాగానే తేదీ అడిగితే ఎంతో శ్రద్ధగా ఇవాళ్టి తేదీ కూడా తనే పెట్టింది.

"మీ ఫోన్‌లో ఉంటుంది కదా సార్."

"గురువారమే తీసేశాను."

"కంపెనీవాళ్ళ దగ్గర?"

"ఉంటుంది. పోలీసులు అడిగితే ఇస్తారు. కానీ ఎస్సై గారు గురువారం మధ్యాహ్నం స్కూలుకి వచ్చారు. అలారం పనిచేసిందా అని అడిగారు. ఎప్పుడో పాడైపోయింది, పిల్లల ఆటవస్తువు అని రాసిచ్చాను. సంతకం పెట్టాను. ఇక వాళ్ళు కంపెనీని ఎందుకు అడుగుతారు?"

"ఆటవస్తువా? రాష్ట్రస్థాయికి పంపిస్తానన్నారు కదా సార్ దీన్ని!"

వరండాలో కలరా వేషగాడు ఈసారి తన మాటలు తప్పులేకుండా చెప్పేశాడు. అక్కడ చప్పట్లు మోగాయి.

మాస్టారు బల్ల మీద కూర్చున్నారు. ఆయన పిల్లలకి ఎప్పుడూ చెప్పే మొదటి నియమం, ప్రయోగాల బల్ల మీద కూర్చోకూడదని.

"నేను ఫోన్ ఎత్తలేదమ్మా. ఎత్తితే అవతల మనిషి ఉండడు కదా. అలారం పేరు చూసి లేచి కూర్చున్నాను. చెరువు పోతోందని భయం వేసింది. మీ నాన్న నంబరు నా దగ్గర లేదు. లోకనాథ్ గారికి చేశాను."

"ఎత్తాడా?"

"మొదటి రింగుకే ఎత్తారు. నిద్రలో ఉన్న గొంతు కాదు." ఆయన నేల చూస్తూ చెప్పారు. "'తెలుసు మాస్టారూ. ఆపించింది నేనే. మీరు పడుకోండి' అన్నారు."

వీరవేణి చేతిలో ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

పోయిన ఆదివారం అన్నం తింటూ నాన్న చెప్పిన మాట ఇప్పుడు తన చోట తను వచ్చి కూర్చుంది. వలలో పడ్డ రొయ్య తల మీద తెల్ల మచ్చలు చూశానన్నాడు. ఆ జబ్బు కనబడితే తూము మూసేసి, నీళ్ళలో బ్లీచింగ్ కొట్టి, చుట్టుపక్కల చెరువులవాళ్ళందరికీ కబురు పెట్టాలి. ఈ ఊళ్ళో నీళ్ళు వదిలే కాలవా, తోడుకునే కాలవా ఒకటే. లోకనాథ్ తూము తెరిపించాడట. జబ్బు నీళ్ళు కాలవలోకి వదిలేసి కొత్త నీళ్ళు పెడితే పంట నిలుస్తుందనుకున్నాడు. నిలవలేదు. జబ్బుతో చచ్చిందని తెలిస్తే కాలవ పొడుగునా ఉన్న రైతులు అతని ఇంటి మీద పడతారు. గాలి ఆగి చచ్చిందంటే ఎవరూ ఏమీ అడగరు, తప్పు కాపలావాడిదవుతుంది. గురువారం ఎండెక్కకముందే జేసీబీ తెప్పించి చచ్చిన రొయ్యంతా గోతిలో పూడ్పించేశాడు. మచ్చలు చూసిన మనిషి స్టేషన్‌లో ఉన్నాడు.

"ఇది తెలిసి కూడా ఊరుకున్నారా సార్?"

"పొద్దున్న గట్టు మీద మీ నాన్నని కొడుతున్నప్పుడు నేనక్కడే ఉన్నాను. నోరు తెరవబోయాను. లోకనాథ్ గారు నా వైపు చూశారు. అంతే. ఆ పూట చెప్పాల్సింది. అది దాటిపోయాక ఎప్పుడు చెప్పినా, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ తర్వాత సంతకం. రోజు రోజుకీ లోపలికి కూరుకుపోయాను."

"మీకేమైంది సార్ కూరుకుపోవడానికి? ఇంటి దగ్గర అన్నం తింటున్నారు. ఇంకా అరెస్టు చూపించలేదట, సోమవారం మా నాన్నని కోర్టులో పెడతారట. పెట్టాక ఇంక రాడట."

ఆమె ఆయనకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒక్కసారి వచ్చి చెప్పండి సార్. నేను నంబరు మార్చిన సంగతి కూడా చెప్పండి, నాకేం భయం లేదు."

మాస్టారు లేచారు. "హెడ్ మిస్ట్రెస్ గారికి చెప్పి వస్తాను," అని వరండాలోకి వెళ్ళారు. చాలాసేపు ఫోన్‌లో మాట్లాడారు. వెనక్కి వచ్చేసరికి చేతిలో బండి తాళం ఉంది.

"పద. స్టేషన్‌కి వెళ్దాం. ఆ ఫోన్ కూడా తెచ్చుకో."

గ్రౌండ్‌లో సాయిదుర్గ బడి వదిలే వేళయినా ఇంకా గునపంతో గొయ్యి తవ్వుతోంది. వీరవేణి బండెక్కడం చూసి గునపం వదిలి చెయ్యి ఊపింది.

బండి కాలవ గట్టు మీద వెళ్తోంది. రెండు వైపులా చెరువులు. ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. లోకనాథ్ పెద్ద చెరువు ఒక్కటే కదలకుండా ఉంది. వీరవేణి కడుపులో రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి తెలిసింది. ఎస్సైకి ఏం చెప్పాలో మనసులో వరసగా పేర్చుకుంది. ముందు గోడౌన్ సంగతి, తర్వాత తూము, తర్వాత మాస్టారు.

వంతెన దిగగానే రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమ వైపు స్టేషన్. కుడి వైపు లోకనాథ్ ఐసు ఫ్యాక్టరీ.

మాస్టారు బండి కుడి వైపు తిప్పారు.

"సార్, అటు కాదు!"

ఆయన వినిపించుకోలేదు. వేగం పెంచారు. దూకితే కాలవలో పడాలి. ఫ్యాక్టరీ గేటు తెరిచే ఉంది. బండి లోపలికి వెళ్ళగానే ఎవరో వెనక గేటు మూశారు.

షెడ్డు కింద లోకనాథ్ కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు, నుదుట పిఠాపురం గుడి నుంచి తెచ్చుకున్న కుంకం. ఎదురుగా ఇంకో కుర్చీలో వీరవేణి తల్లి.

ఆ కుర్చీ చూడగానే వీరవేణి ఆగిపోయింది. అమ్మ ఈ షెడ్డులో ఏళ్ళ తరబడి రొయ్య తలలు వలిచింది. ఎప్పుడూ నేల మీదే కూర్చుంది. ఇవాళ కుర్చీ వేశారు. చేతికి కూల్‌డ్రింక్ ఇచ్చారు. అమ్మ దాన్ని తాగలేదు, కింద పెట్టే ధైర్యమూ చెయ్యలేదు.

"రా తల్లీ, రా," అన్నాడు లోకనాథ్. "మాస్టారు ఇందాకే ఫోన్‌లో చెప్పారు. తుమ్మ డొంకలో దూరి వెతికావట. మా వెధవలకి ఆ తెలివి లేదు, సరిగ్గా పారెయ్యడం కూడా రాదు."

"అమ్మా, నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

తల్లి తలెత్తలేదు. "మీ నాన్న ఒప్పేసుకున్నాడే."

"ఏం ఒప్పుకున్నాడు?"

"తాగి ఆపేశానని. పొద్దున్న సంతకం పెట్టేశాడు."

"నాన్న తాగడు కదే!"

"తాగడు." తల్లి ఆ మాట చాలా నెమ్మదిగా అంది. "కేసు సాగితే ఆ అలారం గురించి అడుగుతారట. నంబరు మార్చింది నువ్వే కాబట్టి నీ పేరు కూడా రాస్తారట. తండ్రీ కూతుళ్ళు కలిసి చేశారంటారట. ఆ మాట వినగానే కాగితం తెమ్మన్నాడు మీ నాన్న. చదవను కూడా లేదు."

వీరవేణి మాస్టారి వైపు తిరిగింది. ఆయన గేటు దాకా వెళ్ళిపోయారు. వీపు ఇటు పెట్టి నిలబడ్డారు. నంబరు మార్చిన సంగతి లోకనాథ్‌కి చెప్పింది ఎవరో ఇక అడగక్కర్లేదు.

"నేనేం రాక్షసుణ్ణి కాదమ్మాయ్," అన్నాడు లోకనాథ్. "ఒప్పుకున్నాడు, చాలు. నా కంప్లయింట్ వెనక్కి తీసుకుంటాను. సాయంత్రానికి మీ నాన్న ఇంటికొస్తాడు. ఊరొదిలి ఎక్కడైనా బతకండి. ఆ ఫోన్ ఇటివ్వు."

చెయ్యి చాపాడు.

"ఇవ్వకపోతే?"

"ఇచ్చెయ్యవే," అంది తల్లి. అమ్మ ఎవరినీ బతిమాలగా వీరవేణి ఎప్పుడూ చూడలేదు. చేపల బేరంలోనూ బతిమాలదు. "నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇచ్చెయ్యి. మనిషి ఇంటికొస్తే చాలు."

ఫోన్ ఖాళీదని లోకనాథ్‌కి తెలుసు. మాస్టారు చెప్పే ఉంటారు. అయినా చెయ్యి చాపాడంటే అతనికి కావలసింది ఫోన్ కాదు. ఆమె ఇవ్వడం.

వీరవేణి ఇచ్చింది. అతను దాన్ని చూడనైనా చూడకుండా జేబులో వేసుకున్నాడు.

అప్పుడే బయట బండి ఆగింది. ఎవరో గేటు బాదారు. మాస్టారు గేటు తీస్తే పల్లంరాజు లోపలికి వచ్చాడు. సాయిదుర్గ తండ్రి. కాలవ అవతల రెండు చెరువులు కౌలుకి చేస్తాడు. మోకాళ్ళ దాకా బురద, మొహం నిండా చెమట.

"లోకనాథ్ గారూ, మా మొదటి చెరువులో రొయ్య మేతకి రావట్లేదండి. గట్టు వారకి చేరుతోంది. నీళ్ళు పాడయ్యాయంటారా, జబ్బేమైనా తగిలిందంటారా? మీది పోయింది కదా, మీదాంట్లో ముందు జబ్బు గానీ కనబడిందాండి? దాచకండి. రెండో చెరువు బాగానే ఉంది. కొత్త నీళ్ళు పెడదామనుకుంటున్నాను. కాలవలో తేడా ఉంటే మాత్రం ముట్టుకోను."

లోకనాథ్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తొందరపడలేదు.

"నేను చెబితే నా మాట నేను చెప్పుకున్నట్టుంటుంది రాజూ. ఇదిగో, మీ అమ్మాయి స్నేహితురాలే ఇక్కడుంది. సైన్స్ క్లబ్ లీడరు. చెరువు కాపలావాడి కూతురు. ఈ పిల్లకి తెలియనిది ఏముంటుంది?" వీరవేణి వైపు నవ్వుతూ చూశాడు. "చెప్పమ్మా. మా చెరువులో జబ్బేమైనా ఉందా?"

పల్లంరాజు ఆమె వైపు తిరిగాడు. "అవునమ్మా వేణీ, మీ నాన్న ఏమైనా అన్నాడా? నువ్వు చెప్పు, నాకు చాలు."

తల్లి చెయ్యి వీరవేణి మణికట్టు మీద పడింది. చల్లగా, కూల్‌డ్రింక్ సీసా తడితో. నొక్కింది.

ఉంది అంటే నాన్న రాడు. లేదు అంటే సాయిదుర్గ వాళ్ళ రెండో చెరువు ఉండదు.

"లేదండి," అంది వీరవేణి.



"హమ్మయ్య!" పల్లంరాజు అక్కడే ఫోన్ తీశాడు. "సాయీ, స్కూలు నుంచి వచ్చేశావా? మంచిది. రెండో చెరువుకి మోటారు వెయ్యమ్మా. ఆఁ, కాలవ నీళ్ళే, ఏం ఫర్వాలేదు. మీ వేణీయే చెప్పింది." ఫోన్ పెట్టేసి లోకనాథ్‌కి దండం పెట్టి బండెక్కి వెళ్ళిపోయాడు. గేటు మళ్ళీ మూసుకుంది.

వీరవేణి లోకనాథ్ వైపు చూసింది. "నాన్నని ఇప్పుడు పంపిస్తారా?"

"సాయంత్రం అన్నాను కదూ," అన్నాడతను లేస్తూ. "ఎస్సై గారు ఏలూరు వెళ్ళారట తల్లీ. సోమవారం కోర్టు దగ్గరే చూద్దాంలే."

తల్లి చేతిలో సీసా కింద పడి పగిలింది.

కాలవ అవతల గట్టు మీద సాయిదుర్గ వాళ్ళ మోటారు మొదలైంది.

దాన్ని ఆపించాలని వీరవేణి తల్లి చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. గేటు దగ్గర త్రిమూర్తులు మాస్టారు నిలబడి ఉన్నారు. గొళ్ళెం మీద ఆయన చెయ్యి ఉంది. వెనక నుంచి లోకనాథ్ ఒక్క మాటే అన్నాడు.

"మాస్టారూ, తియ్యకండి."